ఒక గడి వెనక్కి

సుకన్య ఒక ఆట గెలిచిన ప్రతిసారీ దివాకర్‌కు తానొక ఆట ఓడినట్టుండేది.

ఆమె గెలిచేది అతని మీద కాదు. ఏ బ్రెజిల్‌లోనో, ఏ పోలెండ్‌లోనో కూర్చున్న ముక్కూ మొహం తెలియని వాళ్ళ మీద. అయినా ఆమె పేరు పక్కన రేటింగ్ అంకె పెరిగినప్పుడల్లా, పెరిగినంతా తన జేబులోంచే పోయినట్టు అతని గుండె చివుక్కుమనేది.

ఇద్దరూ ఖలందర్ ఉస్తాద్ శిష్యులు. కర్నూలు వన్‌టౌన్‌లో ఒక పరుపుల దుకాణం ఉంది. దాని మీది గదిలో ఉస్తాద్ చదరంగం నేర్పుతాడు. ఒకప్పుడు సర్కారు బడిలో డ్రాయింగ్ మాస్టారు. ఇప్పుడు తెల్లగడ్డం, నల్ల వేస్ట్‌కోటు, తక్కువ మాట. కింద దూది ఏకుతుంటే పైకి పీచు ఎగిరి వచ్చి పావుల మీద వాలుతుంది. ఉస్తాద్ ఒక్కొక్క పావునూ తీసి, నోటితో ఊది, మళ్ళీ దాని గడిలో పెడతాడు. కొత్తగా వచ్చినవాళ్ళు మొదట నేర్చుకునేది అదే, పావుల మీద దూది ఊదడం.

శిష్యులంతా వారమంతా ఎవరిళ్ళలో వాళ్ళు ఫోన్లలో ఆడుకుంటారు. శుక్రవారం నమాజు అయ్యాక ఈ గదికి వస్తారు. ఆ వారం ఆడిన ఆటల్లో ఒకటి చెక్కబల్ల మీద పేర్చి చూపుతారు. ఉస్తాద్ వింటాడు. ఎప్పుడైనా ఒక మాట అంటాడు. చాలాసార్లు అనడు.

దివాకర్ లా కాలేజీ విద్యార్థి. ఆన్‌లైన్‌లో అతని పేరు ‘నిప్పురవ్వ’. ఆట కూడా అట్లాంటిదే. ఎదుటి రాజు ఇంటి ముందు ఒక గుర్రాన్ని బలి ఇవ్వకుండా ముగిసిన ఆట అతని లెక్కలో ఆటే కాదు. మంత్రికి మంత్రిని మార్చుకోవడమంటే లొంగిపోవడం. డ్రా అంటే రాజీకి పెట్టుకున్న మర్యాద పేరు. గోడల మీద చదివినవీ, సభల్లో విన్నవీ, కరపత్రాల్లోంచి ఎత్తిపెట్టుకున్నవీ, విప్లవ నినాదాలన్నీ తెచ్చి అరవై నాలుగు గళ్ళలో నాటాడు.

“చరిత్రలో వెనక్కి నడిచినవాడికి విగ్రహం లేదు,” అన్నాడొకసారి, ఏనుగును ముందుకు తోస్తూ.

“విగ్రహం సంగతి తర్వాత చూద్దాం నాయనా,” అన్నాడు ఎదురుగా కూర్చున్న రంగయ్య శెట్టి. “ముందు నీ గుర్రం పోతోంది చూసుకో.”

శెట్టిది బట్టల కొట్టు. అరవై దాటాక చదరంగం మొదలుపెట్టాడు. ప్రతివారం ఓడిపోయి, నవ్వుకుంటూ ఇంటికి పోయేవాడు. దివాకర్‌ను కామ్రేడ్ అని పిలిచేది ఆయనే.

నిప్పురవ్వ గెలిచిన రోజు ఆ ఆట నిజంగానే అందంగా ఉండేది. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి అందరికీ పంపేవాడు. ఓడిన రోజు నెట్ బాగాలేదు, లేదా అవతలివాడు పిరికివాడు. రేటింగ్ మాత్రం రెండేళ్ళుగా పదిహేను వందల గీత దగ్గర ఎక్కుతూ దిగుతూ ఉండిపోయింది. తుంగభద్రకు నీళ్ళు వచ్చినట్టు వచ్చేది, పోయినట్టు పోయేది.

సుకన్య నిరుడు చేరింది. జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతుంది. చేరిన రోజున గుర్రం ఎట్లా గెంతుతుందో అడిగింది. అది నేర్పింది కూడా దివాకరే.

ఆమె ఆటలో చూడటానికి ఏమీ ఉండదు. ప్రతిసారీ అదే మొదలు. అవకాశం దొరికితే మంత్రుల్ని మార్చేస్తుంది. ఏనుగుల్ని మార్చేస్తుంది. బల్ల సగం ఖాళీ అవుతుంది. ఇక అక్కడినుంచి మిగిలిన రాజుతో, నాలుగు బంట్లతో, నీళ్ళబిందె తొణక్కుండా మెట్లెక్కినట్టు నెమ్మదిగా నడుస్తుంది. చివరికి గెలుస్తుంది.

ఉస్తాద్ బల్ల మీద ఆ కాసిని పావులు పేర్చి చివరి ఆట నేర్పుతానన్నప్పుడల్లా దివాకర్ టీ తాగొస్తానని కిందికి దిగేవాడు. సుకన్య కుర్చీ ముందుకు లాక్కునేది.

“గుమాస్తా ఆట,” అన్నాడు దివాకర్ ఒకరోజు శెట్టితో. “ఒక్క కల లేదు, ఒక్క తెగింపు లేదు.”

“రేటింగ్ మాత్రం ఉంది,” అన్నాడు శెట్టి.

ఆ మాట అతనిలో ముల్లులా ఉండిపోయింది. స్త్రీపురుషుల సమానత్వం గురించి దివాకర్ గంటసేపు కాగితం చూడకుండా మాట్లాడగలడు. తనకంటే ఒక మెట్టు పైన ఒకామె నిలబడితే ఒక్క నిమిషం ఓర్వలేడు. గదిలో చిన్నవాళ్ళంతా ఆమెను అక్కా అంటారు. అతను అక్కా అనడు, మేడం అనడు, పేరు పెట్టీ పిలవడు. ఆమెతో మాట్లాడాల్సి వస్తే బల్లవైపు చూసి మాట్లాడతాడు.

కానీ ఆమె ఆటలు చూస్తాడు. ఆన్‌లైన్‌లో ఎవరి ఆటైనా ఎవరైనా చూడవచ్చు. చూస్తున్నట్టు ఆమెకు తెలియకూడదని ‘ఎర్రగుర్రం’ అనే ఇంకో పేరుతో ఖాతా తెరిచాడు. బస్సులో చూసేవాడు. క్లాసులో వెనక బెంచీలో కూర్చుని చూసేవాడు. అన్నం తింటూ ఎడమచేత్తో ఫోన్ పట్టుకుని చూసేవాడు. ఓడిపోతుందేమోనని చూసేవాడు. ఆమె ఓడిపోయిన రోజున వాళ్ళమ్మ చేసిన కూర బాగుండేది.

తన ఆటలకన్నా ఆమె ఆటలే అతనికి బాగా గుర్తుండేవి. అది అతను గమనించలేదు. అసూయ పడేవాడికి తన ముఖం కనబడదు, ఎప్పుడూ పక్కవాడిదే కనబడుతుంది.

*

జిల్లాల మధ్య ఆన్‌లైన్‌లో జట్ల పోటీ పెడుతున్నారని కబురొచ్చింది. జట్టులో మొదటి బల్ల మీద ఆడేవాళ్ళకే పేరు, ఎదురుజట్టులో గట్టివాళ్ళతో పోరు. ఉస్తాద్ శుక్రవారంనాడు టీ గ్లాసు కింద పెట్టి, ఎవరి వైపూ ప్రత్యేకంగా చూడకుండా చెప్పాడు.

“మొదటి బల్ల సుకన్య. రెండోది దివాకర్.”

అంతే. ఎందుకో చెప్పలేదు.

దివాకర్ చెవులు ఎర్రబడ్డాయి. కష్టపడినవాడికి దక్కాల్సింది లెక్కలు వేసుకునేవాళ్ళకు పోతోంది, ఎక్కడైనా ఇంతే, అనుకున్నాడు. లోకంలోని అన్యాయమంతా ఆ గదిలోకి వచ్చి తనమీదే కూర్చున్నట్టు అనిపించింది.

మెట్లు దిగుతుంటే సుకన్య వెనకనుంచి పిలిచింది.

“దివాకరూ, ఆగు. మొదటి బల్ల మీద దూకుడుగా ఆడేవాళ్ళు వస్తారంట గదా. నాకు భయంగా ఉంది. నీ ఎటాక్ నామీద ఆడి చూపించు, ఈ వారంలో ఒకరోజు. నీ అంత బాగా ఎవరూ ఆడరు ఇక్కడ.”

ఆమె మాటలో వెటకారం ఉంటే బాగుండేది. దాన్ని అతను పట్టుకుని ద్వేషించగలిగేవాడు. లేదు. నిజంగానే అడిగింది.

“చూద్దాం,” అన్నాడు, చెప్పులు వెతుక్కుంటూ. చెప్పులు ఎదురుగానే ఉన్నాయి.

ఆ వారం ఆమెతో ఆడాడు. దివాకర్‌గా కాదు, నిప్పురవ్వగా కూడా కాదు. ఎర్రగుర్రంగా. ఎవరో తెలియనివాడి చేతిలో ఆమె చిత్తుగా ఓడిపోవాలి, ఆ ఆటను శుక్రవారం ఆమే బల్ల మీద పేర్చి చూపాలి, తాను వెనక నిలబడి చూడాలి. అదీ అతను అనుకున్నది.

గుర్రాన్ని బలి ఇచ్చాడు. ఆమె తీసుకుంది. దాడి చేశాడు. ఆమె కాచుకుంది. మంత్రుల్ని మార్చింది. ఏనుగుల్ని మార్చింది. కాసేపటికి బల్ల మీద రెండు రాజులు, కాసిని బంట్లు మిగిలాయి. అయినా దివాకర్‌కు భయం వేయలేదు. అతని రాజు సరైన చోట అడ్డంగా నిలబడి ఉంది. ఆమె రాజు ముందుకొస్తే అడ్డుకుంటుంది. ముందుకు రాక ఏం చేస్తుంది?

సుకన్య చాలాసేపు ఆగింది. తర్వాత తన రాజును ఒక గడి వెనక్కి జరిపింది.

అంతే. వెనక్కి. ఏ బంటునూ కాపాడకుండా, ఏ బంటునూ బెదిరించకుండా.

ఇప్పుడు ఎత్తు వేయాల్సింది దివాకర్. చదరంగంలో నా వంతు వద్దు అనడానికి లేదు. రాజును జరిపితే దారి వదిలినట్టు. బంటును జరిపితే ఆ బంటు పోయినట్టు. కదలకుండా ఉంటే చాలు, కానీ కదలక తప్పదు. జరిపాడు. కాసేపట్లో ఓడిపోయాడు.

‘మీరు చాలా బాగా ఆడారు, ఆ గుర్రం దెబ్బకు హడలిపోయాను’ అని తెర మీద ఆమె సందేశం వచ్చింది. దివాకర్ ఫోన్ బోర్లా పెట్టాడు.

మొదట కోపం వచ్చింది. దాని వెనకే, అతను ఎదురుచూడని విధంగా, సంతోషం వచ్చింది.

ఇది మనిషి వేసే ఎత్తు కాదు! ఇది మెషీన్ ఎత్తు. ఇన్నాళ్ళూ తన కళ్ళముందే ఉంది, తెలుసుకోలేకపోయాడు. ఇప్పుడు ప్రతి ఫోన్లోనూ చదరంగం ఆడే ప్రోగ్రాం ఉంటుంది. ఎంత పెద్ద ఆటగాడైనా దాని ముందు నిలవడు. ఆడేటప్పుడు పక్కన దాన్ని తెరిచి పెట్టుకుని, అది చెప్పిన ఎత్తు వేయడమే ఆన్‌లైన్ ఆటలో అన్నిటికన్నా నీచమైన దొంగతనం. పట్టుబడితే ఖాతా మూసేస్తారు. పేరు బయటపెడతారు.

దివాకర్ చాలా రోజుల తర్వాత ఆ రోజు తృప్తిగా అన్నం తిన్నాడు. ఆమె తనకంటే గొప్పది కాదు. దొంగ. ఎంత తేలికైపోయింది బతుకు!

*

శుక్రవారం అందరికన్నా ముందే వచ్చాడు. గదిలో ఉస్తాద్, శెట్టి మాత్రమే ఉన్నారు. ఉస్తాద్ పావుల మీద దూది ఊదుతున్నాడు.

“ఏం కామ్రేడ్, ఇంత పెందలాడే వచ్చావు? ఈ రోజు ఎవరి మీద విప్లవం?” అన్నాడు శెట్టి.

దివాకర్ ఆయన్ను పట్టించుకోలేదు. ఉస్తాద్ ఎదురుగా కూర్చున్నాడు.

“ఉస్తాద్, సుకన్య మెషీన్ చూసి ఆడుతోంది.”

ఉస్తాద్ చేతిలో ఏనుగు ఉంది. దాన్ని ఊది, గడిలో పెట్టాడు.

“నువ్వు చూశావా బేటా?”

“చూడక్కర్లేదు. ఆట చూస్తే తెలుస్తుంది.”

బల్ల మీద ఆ ఆట పేర్చి చూపించాడు. మొదటినుంచి చివరిదాకా, ఫోన్ తీయకుండా, ఎక్కడా ఆగకుండా. రాజు వెనక్కి జరిగిన చోట వేలితో బల్లను తట్టాడు.

“ఇదిగో. ఇక్కడ. మీరే చెప్పండి. ఎవరైనా రాజును ముందుకు తీసుకుపోతారు. ఏ మనిషైనా. ఇది మనిషి వేసే ఎత్తేనా?”

ఉస్తాద్ బల్లను చూశాడు. “ఈ నల్లపావులవాడెవడు, పాపం?”

“ఎవరో. ఎర్రగుర్రమని పేరుంది.”

“బాగా ఆడాడు.”

దివాకర్ మళ్ళీ వేలితో బల్లను తట్టాడు. “ఈ ఎత్తుకు ముందు ఆమె ఎంతసేపు ఆగిందో తెలుసా? రెండు నిమిషాల పైనే. అంతసేపు ఏం చేస్తున్నట్టు?”

“ఆలోచిస్తున్నదేమో.”

“మెషీన్‌లో చూస్తోంది! పోయిన నెల ఆటల్లో చూడండి, చివర్లో చకచకా వేసేసింది. ఆలోచించకుండా అంత కచ్చితంగా ఎట్లా వేస్తారు?”

శెట్టి పకపకా నవ్వాడు. “తొందరగా వేస్తే మెషీను, నిదానంగా వేస్తే మెషీను. ఆ యమ్మ ఇంక ఎప్పుడు వేయాలి నాయనా, ముహూర్తం పెట్టించుకోవాలా?”

“మీకు నవ్వులాటగా ఉంది. నాకిది సూత్రం. ఇందులో నా స్వార్థమేం లేదు. అన్యాయం చూసి నోరు మూసుకున్నవాడు అన్యాయం పక్షాన నిలబడ్డట్టే.”

“ఎవరన్నారు ఆ మాట?” అని అడిగాడు ఉస్తాద్.

“అందరూ అంటారు.”

“నువ్వేమంటావు?”

సూత్రం అనే మాట ఎంత సుఖంగా ఉంటుందో! అసూయకు ఉతికిన చొక్కా తొడిగినట్టు. ఎక్కడికైనా వేసుకుపోవచ్చు, అందరూ లేచి కుర్చీ ఇస్తారు.

దివాకర్ ఫోన్ తీసి ఉస్తాద్ ముందు పెట్టాడు. పోటీ నడిపేవాళ్ళకు ఫిర్యాదు సిద్ధంగా రాసి ఉంది. సుకన్య పేరు, కాలేజీ పేరు, ఆ ఆట. కింద ‘పంపు’ అని నీలం రంగులో.

“గురువు కూడా అవునంటేనే వాళ్ళు తీసుకుంటారు. పంపగానే మీకు ఫోన్ చేస్తారు. మీరు అవునంటే చాలు.”

“అంటే ఏమవుతుంది?”

“ఖాతా మూసేస్తారు. జట్టులోంచి తీసేస్తారు.”

“కాలేజీలో?”

దివాకర్ భుజాలు ఎగరేశాడు. “తెలిస్తే తెలుస్తుంది. దొంగతనం చేసినవాళ్ళు దానికి సిద్ధపడాలి.”

“ఆమెను ఒక్క మాట అడిగావా?”

“దొంగను అడుగుతారా ఉస్తాద్?”

శెట్టి నవ్వడం మానేశాడు. “కామ్రేడ్, ఆ పిల్ల పొద్దున లేచి వందమంది పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పాల. ఆలోచించుకో.”

ఉస్తాద్ ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. దూరంగా పట్టుకుని, కళ్ళు చికిలించి, మొత్తం చదివాడు. తర్వాత దాన్ని వేస్ట్‌కోటు జేబులో పెట్టుకున్నాడు.

“ఒక ఆట ఆడదాం బేటా.”

“ఇప్పుడా?”

“ఇప్పుడే. నువ్వు గెలిస్తే, వాళ్ళు ఫోన్ చేసినప్పుడు నేను అవునంటాను.”

“ఉస్తాద్!” అన్నాడు శెట్టి లేచి. “ఏందిది? ఒకరి పేరు తీసుకొచ్చి పందెం పెడతారా?”

“కూర్చో శెట్టీ. ఆడనివ్వు.”

దివాకర్ ఉస్తాద్‌ను ఎప్పుడూ గెలవలేదు. ఆ గదిలో ఎవరూ గెలవలేదు. కానీ ఈ రోజు అతని ఒళ్ళంతా వేడిగా ఉంది. న్యాయం తనవైపు ఉంది. గెలుస్తానని ఎందుకో గట్టిగా అనిపించింది. మొదటి బల్ల మీద ఎవరు కూర్చోవాలో ఈ ముసలాయనకు ఇవాళ తెలియాలి.

తెల్లపావులు తీసుకున్నాడు.

*

దివాకర్ దూకాడు. బంట్లను తోశాడు. గుర్రాన్ని ముందుకు తెచ్చి బలి ఇవ్వడానికి చోటు వెతికాడు. ఉస్తాద్ ఆ చోటు ఇవ్వలేదు. దివాకర్ చేయి గుర్రం మీదికి వెళ్ళేసరికి ఎదురుగా తలుపు మూసి ఉండేది. కోపం వచ్చింది. ఇంకో వైపునుంచి వచ్చాడు. అక్కడా మూసి ఉంది.

అప్పుడు ఉస్తాద్ తన మంత్రిని తెచ్చి దివాకర్ మంత్రికి ఎదురుగా పెట్టాడు. మార్చుకో అన్నట్టు.

ఇంకో రోజైతే దివాకర్ తప్పించుకునేవాడు. ఇవాళ తప్పించుకుంటే ఒక బంటు పోతుంది. పళ్ళు బిగించి మార్చుకున్నాడు. తర్వాత గుర్రాలు పోయాయి. ఏనుగులు ఒకదానినొకటి తిన్నాయి. కింద దూది ఏకుతున్న చప్పుడు ఆగి, మళ్ళీ మొదలైంది. బల్ల ఖాళీ అవుతోంది.

చివరికి రెండు రాజులు, కాసిని బంట్లు మిగిలాయి.

దివాకర్ ఎప్పుడూ ఇంతదాకా ఉండేవాడు కాదు. ఈలోపే గెలిచేవాడు, లేదా ఓడి బల్ల దగ్గర్నుంచి లేచిపోయేవాడు. కానీ ఇవాళ లేవడానికి లేదు. బల్లవైపు చూశాడు. వింతగా, ఆ ఖాళీ బల్ల అతనికి కొత్తగా అనిపించలేదు. తెలిసిన వీధిలోకి వచ్చినట్టుంది. ఈ బంటు ఎక్కడ ఆగిపోతుందో తెలుసు. ఆ రాజు ఎటు తిరుగుతుందో తెలుసు. ముందు ఈ పక్క బంటును జరపాలి, తొందరపడకూడదు. జరిపాడు. ఉస్తాద్ జరిపాడు. తన రాజును మధ్యకు తెచ్చాడు. ఉస్తాద్ రాజు వచ్చి ఎదురుగా నిలబడింది.

శెట్టి కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

దివాకర్ వంతు. రాజు ముందుకు పోవడానికి ఒక గడి ఖాళీగా ఉంది. అక్కడికి పోతే ఉస్తాద్ రాజు పక్కకు జరుగుతుంది, అంతే, ఎవరూ గెలవరు. చెయ్యి ఆ గడివైపు పోలేదు. ఆలోచించినట్టు కూడా అతనికి అనిపించలేదు. అన్నం ముద్ద నోటికి పోయినంత మామూలుగా వేళ్ళు రాజును పట్టుకుని ఒక గడి వెనక్కి జరిపాయి.

“అరె, వెనక్కా?” అన్నాడు శెట్టి. “ముందుకు గదా పోవాల్సింది!”

దివాకర్ తల ఎత్తలేదు. “ఉండండి. ఇప్పుడాయన వేయాలి. ఏది జరిపినా పోతుంది.”

అని, ఆగిపోయాడు.

ఉస్తాద్ బల్లను చూస్తున్నాడు. చాలాసేపు చూశాడు. రాజు మీద వేలు పెట్టి తీసేశాడు. బంటు మీద పెట్టి తీసేశాడు. తర్వాత తన నల్లరాజును రెండు వేళ్ళతో పట్టుకుని, నెమ్మదిగా, నిద్రపోయేవాణ్ణి పడుకోబెట్టినట్టు బల్ల మీద పడుకోబెట్టాడు.

“నేను ఓడిపోయాను.”

శెట్టి కుర్చీలోంచి సగం లేచాడు. ఆ గదిలో ఉస్తాద్ నోట ఆ మాట ఎవరూ విని ఉండరు.

దివాకర్ రెండేళ్ళుగా ఈ క్షణం కోసం కలలు కన్నాడు. కలలో పెద్దగా అరిచేవాడు. ఇప్పుడు అరవలేదు. చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. బల్ల మీద తన తెల్లరాజు వెనక గడిలో నిలబడి ఉంది. దానివైపు చూడాలనిపించలేదు.

“బేటా,” అన్నాడు ఉస్తాద్. “నీ ఫోన్ నా జేబులోనే ఉంది గదా?”

“ఉంది ఉస్తాద్.”

“ఇంకో ఫోన్ లేదు గదా?”

“లేదు.”

“మెషీన్ ఏదీ చూడలేదు.”

“లేదు.”

“చివరి ఆటలు నేను చెబుతానంటే నువ్వు టీకి పోతావు. నేను నేర్పలేదు.” ఉస్తాద్ గొంతులో కోపం లేదు, తెలుసుకోవాలన్నట్టు అడిగాడు. “మరి ఈ ఎత్తు నీకు ఎవరు నేర్పారు?”

దివాకర్ నోరు తెరిచాడు. నాకే తోచింది అనవచ్చు. పుస్తకంలో చదివాను అనవచ్చు. అతని దగ్గర ఎప్పుడూ మాటలకు కరువు లేదు. బస్సు, వెనక బెంచీ, అన్నం కంచం, ఎడమచేతిలో ఫోన్. ఒక్కొక్కటీ కళ్ళముందుకు వచ్చి నిలబడ్డాయి. నోరు మూసుకున్నాడు.

ఉస్తాద్ జేబులోంచి ఫోన్ తీసి అతని ముందు పెట్టాడు. తెర మీద ఫిర్యాదు అట్లాగే ఉంది. సుకన్య పేరు. కింద నీలం రంగులో ‘పంపు’.

“నువ్వు గెలిచావు. పంపితే వాళ్ళు ఫోన్ చేస్తారు. నేను అవునంటాను. ఇచ్చిన మాట మాటే.”

శెట్టి ఏదో అనబోయాడు. ఉస్తాద్ చెయ్యి ఎత్తి ఆపాడు.

దివాకర్ ఫోన్‌వైపు చూశాడు. బొటనవేలు ఆ నీలం రంగుకు జానెడు దూరంలో ఉంది. కింద దుకాణంలో ఎవరో పరుపు దులుపుతున్నారు.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. గుమ్మం దగ్గర చెప్పులు విప్పిన చప్పుడు. సుకన్య లోపలికి వచ్చింది. భుజానికి కాలేజీ సంచి, చేతివేళ్ళకు ఇంకా సుద్దపొడి.

“సలాం ఉస్తాద్. శెట్టిగారూ, ఇవాళ మీరే ముందా?” బల్లవైపు తొంగిచూసింది. పడుకుని ఉన్న నల్లరాజును చూసింది. కళ్ళు పెద్దవయ్యాయి. “ఉస్తాద్ రాజా ఇది? దివాకరూ, నువ్వు గెలిచావా? నిజంగా? ఎట్లా గెలిచావు, చూపించు చూపించు!”

ఆ సంతోషంలో ఎక్కడా మచ్చ లేదు. దివాకర్ వెతికాడు. అలవాటుగా వెతికాడు. దొరకలేదు.

ఫోన్ తెర దానంతట అదే ఆరిపోయింది.

దివాకర్ లేచి నిలబడ్డాడు.

సుకన్య వెనక్కి తిరిగి గుమ్మంవైపు చూసింది, ఇంకెవరైనా పెద్దవాళ్ళు వచ్చారేమోనని. ఎవరూ లేరు.

“ఏంది, నన్ను చూసి లేస్తున్నావా?” అని నవ్వింది. “మా క్లాసు పిల్లలే లేవరు నాయనా నాకు. కూర్చో.”

దివాకర్ కూర్చోలేదు.